స్టీలు డబ్బాలో చీజు, మా అమ్మ బొటనవేలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆదివారం నా కోపమంతా నా మీదే.

ఓడలో వంటవాడిగా పనిచేసే మా తమ్ముడు సెలవుకి వస్తూ గట్టి చీజు తెచ్చాడు. ఇటుకంత ముక్క ఒకటి, అరచేతిలో పట్టేది ఇంకొకటి. రెండింటినీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, స్టీలు డబ్బాలో కుక్కి, ఆవకాయకి బిగించినట్టు మూత బిగించి ఫ్రిజ్‌లోకి తోశాను. ఉక్కునగరం క్వార్టర్లలో ఏ వస్తువైనా స్టీలు డబ్బాలో పడితేగానీ మాకు మనశ్శాంతి ఉండదు. తర్వాత నెల రోజులు అటువైపు చూడలేదు.

ఆ చీజుతో మాకరోనీ చేసి మా పెద్ద ఆడపడుచుకి, అంటే వదినకి, పెట్టాలని నా పంతం. ఆవిడ ఉండేది సీతమ్మధారలో. నిరుడు మా అబ్బాయి పుట్టినరోజుకి వచ్చినప్పుడు, మా అమ్మ పక్కన కూర్చోగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఎండుచేపలు అమ్మి మమ్మల్ని పెంచింది మరి! ఆ రోజు అమ్మ అన్నం కూడా తినకుండా వెళ్లిపోయింది. ఆవిడ ఉన్నప్పుడు ఇక నా గడప తొక్కనంది. కాళ్లావేళ్లా పడితే ఆ ఆదివారానికి ఒప్పుకుంది. ఇదీ చెడిందంటే అమ్మ మళ్లీ రాదు.

ఇద్దరూ వచ్చాక డబ్బా తెరిచాను. పెద్ద ముక్క మీద ఓ పక్కంతా ఆకుపచ్చ బూజు. నా ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే వదిన వంటింట్లోకి వచ్చింది. "అయ్యయ్యో, పారెయ్! పిల్లలకి కూడా ఇదే పెడతావా ఏంటి?" అంది. వెనకే నిలబడ్డ అమ్మని చూసి కూడా ఊరుకోలేదు. "వాసనలకి అలవాటుపడ్డ మనుషులు, మీకెక్కడ తెలుస్తుందిలే!"

నా నోటిదాకా ఎంత మాట వచ్చిందో! అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గీయే. ఇటు తే, నాను సూత్తాను. ఏటిది, పాల సరుకా?"

"పాలు విరగ్గొట్టి, నీరంతా పిండేసి, ఉప్పేసి, నెలల తరబడి ఆరనిస్తారమ్మా."

"మరింకేటి! ఉప్పూ, ఆరబెట్టడమూ నాకు తెలీనిదా?"

అమ్మ కిటికీ దగ్గరికెళ్లి, ఎండు వంజరాన్ని వెన్ను మీద నొక్కినట్టే, బూజు లేనిచోట చీజుని బొటనవేలితో నొక్కింది. వేలు దిగలేదు, అంటుకోలేదు. అటువైపే వాసన చూసింది. కత్తి అందుకుని, బూజుకి ఎక్కడా తగలనివ్వకుండా, దాని చుట్టూ, కిందా అంగుళం పైనే వదిలి చెక్కేసింది. లోపల పసుపుపచ్చగా, శుభ్రంగా ఉంది.

నాకు ఏనుగెక్కినంత సంబరం. చిన్న ముక్క కూడా అందించాను. దాని మీద బూజు చుక్కయినా లేదు. అమ్మ వేలు పెట్టి తీస్తే జిగురు సాగింది.

"ఇది పోయిందే. పారీ."

"బూజే లేదు కదమ్మా! అంత దూరం నుంచి తెచ్చాడు..."

"గట్టి సరుక్కి బూజు పైపైన పడతాది, కోసీగలం. జిగటొచ్చి మెత్తబడితే లోపలికంటా దిగిపోయిందే. నా బతుకులో సెడిన సేప ఎవులికీ అమ్మనేదు. ఈయాల నీ ఇంట్లో పెడతానేటి?"

అమ్మ రెండు ముక్కల్నీ చెరో అరచేతిలో పెట్టుకుని వదిన ముందు చాచింది. "నువ్వే సూడమ్మా."

వదిన చెయ్యి అలవాటుగా కొంగు మీదికి వెళ్లింది. తర్వాత కొంగు వదిలేసి వంగి, అమ్మ అరచేతికి ముక్కు ఆనించింది. చిన్న ముక్క దగ్గర ఘాటుకి ఉలిక్కిపడింది. పెద్దదాని దగ్గర ఆగి, మరోసారి పీల్చింది. "వేయించిన జీడిపప్పు వాసనలా ఉంది!" అంది ఆశ్చర్యంగా.

అప్పుడిక అమ్మ నా మీద పడింది. "ప్లాస్టిక్కులో సుట్టి, డబ్బాలో కుక్కి, ఊపిరాడకుండా సేసీసినావు. సెమట పట్టదేటి? కాయితంలో సుట్టీసి, కూరగాయల అరలో వదులుగా పెట్టు."

తిట్లు తింటూనే కేకు కింద పరిచే కాగితం తీసి మిగిలిన చీజుని చుట్టాను. తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకప్పుడే తెలిసింది.

భోజనాల్లో అన్నం, కూర ఉన్నా, ఓవెన్లోంచి మాకరోనీ రాగానే ఆ గిన్నె ఖాళీ. వదిన మూడుసార్లు వడ్డించుకుంది. నేను లోపల్లోపల ఈల వేసుకుంటున్నాను.

"అత్తయ్యా," అంది వదిన. నా పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ మా అమ్మని అలా పిలవడం అదే మొదలు. "మా ఫ్రిజ్‌లో కూడా ఒక చీజు ముక్క ఉంది. వచ్చి చూసిపెడతారా?"

"వత్తాను. ఎండుసేపలు అట్టుకుని మరీ వత్తాను," అంది అమ్మ.

"తెండి, తెండి. మంచివి ఎలా పోల్చుకోవాలో నాక్కూడా చెప్దురుగాని."

అమ్మ నా వైపు కంచం జరిపింది. "ఏటలా సూత్తన్నావ్? నాకింకాస్త అన్నమెయ్యి," అంది.