మా వదిన పట్టుకెళ్లిన గది చప్పుడు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగేసరికి, మా ఇల్లు చేసే చప్పుడు చాలా రోజులకు నా చెవిన పడింది. గిన్నె మీద మూత కదలడం, రేకుల మీద పిచ్చుకలు గీకడం, అవతల ముంబై రోడ్డు మీద లారీలు. ఇల్లు ఊరికే ఉండదని నాకు నేర్పింది మా వదిన, అంటే మా ఆయన అక్క. నేర్పిన రోజున మాత్రం నేను ఆమెను నమ్మలేదు.

వదిన ఝరాసంగం దిక్కున ఒక చిన్న పల్లె రేడియోలో పనిచేసేది. చుట్టుపక్కల అలాంటి రేడియోల్లో పనిచేసే ఆడవాళ్లు ఒక సంఘం పెట్టుకుంటే, మొదటి నుంచీ దానికి ఆమే పెద్ద. ఎవరినైనా పనిలోంచి తీసేసినా, ఎవరి పాటనైనా పేరు చెప్పకుండా వేసినా, షేరింగ్ ఆటో అంచున కూర్చుని మా ఊరు జహీరాబాద్ వచ్చి పంచాయితీ పెట్టేది. కూర్చోవడానికి జాగా దొరక్కపోతే అందరూ మా వంటింట్లోనే కూర్చునేవాళ్లు. వాళ్ల గొడవలన్నీ నా జొన్నరొట్టెలతోనే సల్లబడేవి. అట్లాంటి మనిషి రెండేళ్ల కింద “ఇగ చాలు, దిగిపోత” అన్నది. ఎవరూ నమ్మలేదు. కుర్చీని తమంతట తాము వదిలిపోయేవాళ్లను మేమెక్కడ చూశాం?

అనుమానం పెరగడానికి ఆమే దారి చేసింది. వీడ్కోలుకు నెల ముందు నుంచి ఒక్కొక్కరి ఇంటికీ పోవడం మొదలుపెట్టింది. చాయ్ తాగడం, సంచిలోంచి స్పాంజి టోపీ పెట్టుకున్న రికార్డరు తీసి పీట మీద పెట్టడం, “ఒక్క నిమిషం ఎవ్వరు మాట్లాడకున్రి” అని వాకిట్లోకి పోయి నిలబడటం. ఎందుకని అడిగితే నవ్వేది. రేడియోవాళ్లకు ఇదొక అలవాటు. ఎవరి ఇంట్లోనైనా మాట రికార్డు చేశాక, ఆ గది చప్పుడును కూడా ఒక నిమిషం తీసుకుంటారు. తర్వాత ఏదైనా మాట కోసేస్తే ఆ జాగా చెవికి గుంతలా తగులుతుందట. ఈ చప్పుడు పోసి దాన్ని పూడుస్తారు. సంఘంలో అందరికీ ఇది తెలుసు. తెలిసినందుకే భయం పుట్టింది.

మా పెద్దమ్మ కూతురు కూడా ఆ సంఘంలోనే ఉంది. వదిన తర్వాత పెద్ద కావలసింది ఆమే. ఈ అక్క నా పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ లెక్క చెప్పింది. “మాట తీస్కోకుండ గది చప్పుడు ఎవలు తీస్కుంటరే? మాటలు చాయ్ తాగంగనే చాటుగ తీసుకున్నట్టు. దిగిపోయేటామెకు మన మాటలెందుకు? రేపు ఎదురు మాట్లాడితే అందరికి ఇనిపిచ్చెతందుకు!” చదువు రాని నాకు కూడా ఆ లెక్క సరిపోయింది. చాయ్ రెండో గుటకకే పక్కామె మీద చాడీ చెప్పని ఇల్లు ఏది? ఆ మాట అందరికీ పాకింది. నేనూ ఇద్దరికి చెప్పాను, ముగ్గురికేమో. పద్దెనిమిదేళ్లు సంఘాన్ని మోసిన మనిషి, మాటల దొంగ అన్న పేరుతో దిగిపోయేలా ఉంది.

ఆఖరుకు ఆమె మా ఇంటికీ వచ్చింది. రికార్డరు పెట్టి వాకిట్లోకి పోయింది. నేను రొట్టె కొడుతూనే మా ఆయన చెవిలో అన్నాను: “జర నోరు మూసుకోన్రి. మీ అక్క మన మాటలు పట్టుకపోను వచ్చింది.” ఎర్రలైటు వెలుగుతూనే ఉందని అన్నాక గానీ చూడలేదు.

వీడ్కోలు రోజు బస్టాండు దగ్గర ఒక దుకాణం పైగదిలో అందరూ చేరారు. పెళ్లివారిలా గోల చేసే ఆడవాళ్లు ఒక్కరూ పెదవి విప్పలేదు. వదిన శాలువా సర్దుకుని చుట్టూ చూసింది. “ఏందే, ఎవలన్న సచ్చిన్రా?” అక్కే లేచింది. “ఆ డబ్బల ఏమున్నదో అందరి ముంగట పెట్టు వదినా.”

“పెట్టెతందుకే తెచ్చిన,” అని వదిన మీట నొక్కింది.

ముందు కుట్టుమిషను చప్పుడు. “గది నా మిషన్ గాదే?” అని ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత బర్రె మెడ గొలుసు, అల్లం కడిగే నీళ్లు, ఒకరి ఇంటి పక్క చర్చిలోంచి పాట. ఎవరి ఇల్లు వాళ్లు గుర్తుపట్టి ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. “గిన్నేండ్లు మీ ఇండ్లకు పనిమీదనే ఒచ్చిన,” అంది వదిన. “ఊకె కూసొని మీ ఇల్లు ఎన్నడు ఇన్లే. పోయేటప్పుడన్న ఇందామనుకున్న. మీ మాటలు నాకెందుకే? వాటితోనే చెవులు చిల్లులు వడ్డయి.” అప్పుడు నవ్వారు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నేను నవ్వలేకపోయాను. తర్వాత మా ఇల్లు వచ్చింది. రొట్టె కొట్టే దెబ్బలు, మా ఆయన దగ్గు, మళ్లీ రొట్టె. నా మాట లేదు. ఎక్కడ కోసిందో, ఏ చప్పుడుతో పూడ్చిందో నాకే తెలియనంత నున్నగా ఉంది. ఆమె నా దిక్కు చూడలేదు.

చాయ్ గ్లాసులు కడుగుతూ అడిగాను. “మా ఇంట్లది మంచిగొచ్చిందా వదినా?”

“మంచిగనే ఒచ్చింది మరదలా. నీ రొట్టె దెబ్బకు వేరేది ఏం ఇనవడుతది?”

కోసినా అసలు రికార్డింగును రేడియోవాళ్లు పారెయ్యరని అక్క తర్వాత చెప్పింది. వదిన ఇప్పటికీ వస్తుంది, రొట్టె తింటుంది, నవ్వుతుంది. ఆ నవ్వులో మాఫీ ఉందో, జ్ఞాపకం ఉందో నాకు అంతుపట్టదు. అడుగుదామంటే ప్రతిసారీ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ రోజు ఆ మాట అనడానికి నాకు ఒక్క ఊపిరి పట్టింది. అన్నానని ఒప్పుకోవడానికి రెండేళ్లు కూడా సరిపోలేదు.