పెద్ద ఫిడేలును మూట కట్టినవాడు

చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండా నేను పన్నెండేళ్ళు పెద్ద ఊళ్ళ హోటళ్ళలో జాజ్ వాయించి బతికాను, ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఇదే తిరుపతిలో పిల్లలకు సంగీతం నేర్పే మాస్టారుగా మర్యాదగా కాలం గడిపాను. ఎవరూ నిలదీసి అడగలేదు కనుక నేను అబద్ధమాడలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

పోయిన నెల ఇక్కడి కళాసంఘం వాళ్ళు ఇద్దరు మా ఇంటికొచ్చి నాకు సన్మానం చేస్తామన్నారు. నా గురించి అర పేజీ రాసి తెచ్చి, తప్పులేమైనా ఉంటే దిద్దమని నా చేతిలో పెట్టారు. ఏ గురువూ లేకుండా స్వయంకృషితో డబుల్ బేస్ నేర్చుకున్నాననీ, తిరుపతిలో ఒక పెళ్ళి కచ్చేరిలో నా వాయింపు విని బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పియానో విద్వాంసుడు నన్ను వెతుక్కుంటూ వేదిక వెనక్కి వచ్చాడనీ అందులో ఉంది. ఆ కథ ఎప్పుడో నేనే ఎవరికో చెప్పింది. తొందరేమీ లేదు, చూసి ఇస్తానని వాళ్ళను పంపేశాను గాని, ఆ కాగితాన్ని నాలుగు రోజులపాటు ఒకచోట పెట్టలేకపోయాను. టీవీ మీద పెట్టి తీశాను, బీరువాలో పెట్టి తీశాను, చివరికి మడిచి చొక్కా జేబులో వేసుకుని చిత్తూరు బస్సెక్కాను.

మా సొంత ఊరు చిత్తూరు. మా అక్కను ఆ ఊళ్ళోనే చర్చి వెనక వీధిలో ఇచ్చారు. బావ ఎండాకాలం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మిగతా నెలలు వడ్రంగానికి పోయేవాడు, ఆదివారాలు చర్చిలో పెద్ద ఫిడేలు వాయించేవాడు. డబుల్ బేస్‌ను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. మనిషిని మించిన ఎత్తుండే ఆ వాయిద్యాన్ని ఒక దొర తన దేశానికి పోతూ బావవాళ్ళ నాయనకు ఇచ్చిపోయాడట, ఆయన ఆ దొర బంగళాలో వంటమనిషి. పగిలినచోటల్లా బావే అతుకులు వేసుకుని, తంతులను మోసే చెక్కను తనే చెక్కుకుని దాన్ని పాడుకాకుండా నిలబెట్టాడు. నా పదహారో ఏట, వాళ్ళింటి వసారాలో, బావ నా వెనక నిలబడి నా వేళ్ళను తన వేళ్ళతో తంతుల మీద అదిమి నేర్పించాడు. గురువు లేడని రాసుకున్నవాడి మొదటి పాఠం అలా జరిగింది.

డెబ్బైల చివరికి బావకు ఒక పాటకచ్చేరి బృందం ఉండేది. ఒక హార్మోనియం, ఒక గిటారు, తబలా, పాడేవాళ్ళిద్దరు, పెద్ద ఫిడేలు మీద బావ. నేను తాళానికి గలగలమనే గింజల కాయ ఆడిస్తూ ఉండి, బావ అలిసిపోయినరోజు చివరి రెండు పాటలకు ఫిడేలు అందుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళ కాలంలో తిరుపతి సత్రాలలో, చంద్రగిరిలో, కాణిపాకం దారిలోని పల్లెలలో మాకు తీరిక ఉండేది కాదు. ఫిడేలును పాత బొంతలో చుట్టి కొబ్బరితాడుతో బిగించి బస్సు టాపు మీదికి ఎక్కిస్తుంటే కండక్టర్లు ఊరుకునేవాళ్ళు కాదు. లోపల మనిషి గాని ఉండాడా అప్పా, టికెట్టు కొట్టాల్నా అని ఒకాయన ప్రతిసారీ అడిగేవాడు. మనిషే, కాని మాట్లాడే మనిషి కాదు, అందుకే సగం టికెట్టు కొట్టమని బావ బదులిచ్చేవాడు.

మాలో ఒక పద్ధతి ఉండేది. కచ్చేరిలో వాయించినవాడు మూట కట్టకూడదు. గొర్రె పేగుతో చేసిన లావుపాటి తంతులను మూడు గంటలు లాగితే వేళ్ళ కొనలు కమిలిపోయి ఉంటాయి, ఆ వేళ్ళతో కొబ్బరితాడు బిగిస్తే చర్మం ఊడి వస్తుంది. అందుకని వాయించినవాడు పోయి చన్నీళ్ళలో చేతులు పెట్టుకోవాలి, రెండోవాడు తంతులు సడలించి బొంత చుట్టి తాడు కట్టాలి. ఇది తెలిసినవాళ్ళం మా బృందంలో ఏడుగురమే. బయటివాళ్ళు ఎవరు చూసినా, వాయిద్యాన్ని అంత జాగ్రత్తగా మూట కడుతున్నవాడే దాన్ని వాయించినవాడు అనుకుంటారు.

ఆ సంవత్సరం మామిడి కాపు విపరీతం. తిరుపతిలో సాయంకాలం పూట పెళ్ళి రిసెప్షను. అతిథులలో బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు, కోలారు గనుల ఊళ్ళో పుట్టిన ఆంగ్లో ఇండియన్, ఒక పెద్ద హోటల్లో జాజ్ బృందానికి నాయకుడు, పియానో ఆయన వాయిద్యం. ఆయన ఉన్నట్టు మాకు తెలియదు. వధూవరుల పేర్లు రాసిన గుడ్డ వేదికకు అడ్డంగా కట్టడం వల్ల దాని వెనక నిలబడిన బావ ఆయనకు కనిపించలేదు. ఆ రోజు మొత్తం బావే వాయించాడు. నిదానమైన ఒక పాట వచ్చినప్పుడు, తాళం పడిన చోట స్వరం పడకుండా, రెప్పపాటు ఆగి, ఇక రాదేమో అని మనం అనుకునే సమయానికి వచ్చి పడుతుండేది. పాట మొత్తం అలాగే నడిచింది. ప్రతి అడుగూ ఆలోచించి వేసినట్టుంది. పక్కన గింజల కాయ ఆడిస్తున్న నేను కూడా ప్రతి స్వరం కోసం ఎదురుచూశాను.

కచ్చేరి ముగిశాక బావ పెరట్లో కొళాయి దగ్గరికి పోయాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని తాడు బిగిస్తున్నాను. ఆ పెద్దమనిషి గుడ్డ పక్కకు తొలగించుకుని వచ్చి, నా చేయి పట్టుకుని ఊపి, ఇంగ్లీషూ తమిళమూ మా తెలుగూ కలిపి ఏదేదో అన్నాడు. నాకు అర్థమయినంతలో, అంత ఆలస్యంగా స్వరం వేసే ధైర్యం ఉన్న బేస్ వాయిద్యగాణ్ణి తాను పదేళ్ళుగా చూడలేదట. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పేరూ చిరునామా రాసిమ్మన్నాడు. కొళాయి కనిపించేంత దూరంలోనే ఉంది. బావా, ఇట్లా రా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేను నా పేరు రాసిచ్చాను.

ఎందుకు రాశావని ఇప్పుడు అడిగితే చెప్పడానికి పెద్ద కారణం లేదు. నాకు ఇరవై ఒక్కేళ్ళు, ఎక్కడా కాలు నిలిచేది కాదు, నాయన నాకు కోర్టులో బంట్రోతు పని చూస్తానంటుంటే ఆ మాటకే ఊపిరాడేది కాదు. పది రోజులకు ఉత్తరం వచ్చింది. వెంటనే వచ్చి హోటల్లో చేరమని అందులో ఉంది. నన్ను ఎవరో విన్నారట అని ఇంట్లో చెప్పాను. అక్క పాయసం చేసింది. బావ నన్ను పైకీ కిందికీ చూసి, సొంత వాయిద్యం లేకుండా ఎట్లా పోతావని తన పెద్ద ఫిడేలు నాకిచ్చాడు. అంతేకాదు, చిత్తూరు బస్టాండులో దాన్ని టాపు మీద తానే కట్టాడు. ఫ్యాక్టరీలో ఇంకా మామిడి పండ్ల కాలం నడుస్తూనే ఉంది, ఆయన వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. నేను కడతాను బావా అంటే, నువ్వు ఈ రోజునుంచి వాయించేవాడివి, తాడు ముట్టుకోవద్దు అన్నాడు. బస్సు పలమనేరు దాటేదాకా నేను తల ఎత్తలేదు.

జాజ్ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అందులో పాట ఒకసారి అందరూ కలిసి వాయించి, ఆ తరువాత దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు అల్లుకుంటూ పోతారు. ఎంత దూరం పోయినా తిరిగి రావడానికి దారి తప్పకుండా కింద ఒకడు ఒక్కో అడుగే వేస్తూ నడుస్తూ ఉండాలి. ఆ నడిచేవాడే బేస్ వాడు. నాకు నడక తొందరగానే వచ్చింది, జాజ్ పుస్తకాలు చదివాను, రికార్డులు విన్నాను. కాని మొదటివారంలోనే నాయకుడు ఒక నిదానమైన పాట ఎత్తుకుని, తిరుపతిలో వాయించావే, అలా వాయించు అన్నాడు. వాయించాను. ఆయన పియానో ఆపి నా వంక చూశాడు. ప్రయాణపు బడలిక అన్నాను. ఇంకో వారం బెంగుళూరు చలికి తంతులు బిగుసుకున్నాయన్నాను. ఆలస్యంగా వేస్తే తప్పు వేసినట్టు ఉండేది, వేయకపోతే మామూలుగా ఉండేది. మూడు నెలల తరువాత ఆయన అడగడం మానేశాడు. అడిగినప్పటికంటే అది భరించడం కష్టమయింది.

ఆపైన నేను ఎక్కడా రెండేళ్ళు నిలవలేదు. బెంగుళూరులో మూడు హోటళ్ళు, మద్రాసులో ఒకటి, నడుమ బొంబాయిలో ఎనిమిది నెలలు. కొత్తచోట మొదట్లో బాగుండేది, నాలుగు నెలలు కాగానే ఎవరో ఒకరు తిరుపతి కథ విని వచ్చి ఆ ఆలస్యపు స్వరం వినిపించమనేవాళ్ళు, నేను పెట్టె సర్దుకునేవాణ్ణి. అవి మంచి కాలాలే, చుట్టూ గొప్ప వాయిద్యగాళ్ళు ఉన్నారు, నేనే వాళ్ళ మధ్య బస్టాండులో కూర్చున్నవాడిలా కూర్చున్నాను. నాలుగేళ్ళకు సొంతంగా బేస్ దొరికాక బావ ఫిడేలును చిత్తూరు చేర్చాను. అప్పటికి బృందం వాళ్ళు ఫిడేలు లేకుండానే అలవాటుపడి, దాని చోట కరెంటు గిటారు పెట్టుకున్నారు. బావ దాన్ని ఒకసారి తుడిచి చర్చి సామాను గదిలో నిలబెట్టాడు. మళ్ళీ కచ్చేరిలో వాయించలేదు.

ఎనభైల చివర్లో కీబోర్డులు వచ్చి హోటళ్ళలో మా పని అయిపోయింది. ఇప్పుడు తిరుపతి పెళ్ళిళ్ళలో ఒక కుర్రవాడు ఎడమచేతి వేలితో మీట నొక్కితే నలుగురు బేస్ వాళ్ళు చేసే పని అదే చేస్తున్నది. వేలు కమలదు, స్వరం ఒక్క పిసరు కూడా ఆలస్యం కాదు, టాపు మీదికి ఏదీ ఎక్కించనక్కరలేదు. మంచిదే. కాని గుడ్డ వెనక మనిషి ఉన్నాడని పోయి చూడవలసిన అవసరం కూడా ఎవరికీ లేకుండా పోయింది.

జేబులో ఆ కాగితంతో నేను చిత్తూరు పోయేసరికి అక్క, బావ వసారాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతున్నారు. చలికాలం మా వైపు ఏ ఇంటికి పోయినా ఇదే పని, వచ్చినవాళ్ళకు కూడా ఒక గుప్పెడు అప్పజెప్తారు. నేనూ కూర్చున్నాను. బావకు డెబ్బై దాటాయి, చూపుడువేలు కొన ఇప్పటికీ మొద్దుగానే ఉంది. నాకిచ్చిన గుప్పెడు పితికాక, జేబులోంచి కాగితం తీసి చదివి వినిపించాను. ఆ తరువాత కొళాయి సంగతి, పేరు రాసిచ్చిన సంగతి చెప్పాను.

అక్క చేయి ఆగిపోయింది. "ముప్పై ఏండ్లుగా ఈ వసారాలో కూసోని తిని పోతాండావే, ఒక్క పొద్దన్నా నోరు రాలేదా నీకు?" అంది.

"నువ్వుండు మే," అన్నాడు బావ. ఇంకో నాలుగు గింజలు పితికి, ఏ పాట అని అడిగాడు. పాట చెప్పాను. కాస్త గుర్తుచేసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అదేమన్నా కావాలని వాయించినానా అబ్బోడా. ఆ నెలంతా మామిడి గుజ్జులో నాని వేళ్ళ తోలు ఊడిపోయినాది. తంతి మీద వేలు పెట్టాలంటే పానం పోతా వుండె. పెడదామా వద్దా, పెడదామా వద్దా అని యోచన చేసి పెడతా వుంటి. దాన్నా ఆయప్ప మెచ్చుకునింది?"

నేను పన్నెండేళ్ళు ఊరూరా వెతికింది ఒక నొప్పి. అది నా వేళ్ళలో ఎలా ఉంటుంది? ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వు వచ్చింది, అక్క కూడా నవ్వు ఆపుకోవడానికి పెదవి బిగించుకుంది. అక్కడితో ముగ్గురం నవ్వుకుని, కూడు తిని, సాయంత్రం బస్సుకు నేను వచ్చేసి ఉండవచ్చు. బావ నాకు ఆ దారి చూపిస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

నవ్వు ఆగాక ఆయన చేతిలోని గింజను కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "నన్ను పిలిసినా బెంగుళూరుకు పోయుంటానో లేదో చెప్పలేనప్పా. మీ అక్క, ఇద్దురు బిడ్డలు, ఫ్యాక్టరీ. పోయుండనేమో. అయినా నన్ను ఒక మాట అడిగుంటే బాగుండె," అన్నాడు. ఆ మాట నా వైపు చూడకుండా, గింజతో అన్నట్టుగా అన్నాడు.

కళాసంఘం వాళ్ళకు ఆ కాగితానికి బదులుగా నేను ఇస్తున్నది ఇదే, ఇది చదివాక సన్మానం చేయాలా వద్దా, చేస్తే ఎవరికి చేయాలి అన్నది వాళ్ళ ఇష్టం. ఆ రోజు వసారాలో మాత్రం, అనపతొక్కలు అంటిన చేతులతోనే బావ చేయి పట్టుకున్నాను. రాసిపెట్టుకుని వచ్చిన వాక్యాలేవీ నోటికి రాలేదు, ఊరి మాటే వచ్చింది.

"వేలు నొప్పయినా అది నీ వేలే బావా. పిలిసింది నిన్ను. నేను కొళాయి తట్టు సూసి కూడా నా పేరు రాసిస్తి. తప్పు సేసినాను బావా, నన్ను మన్నించు."