ఖాళీ డిస్కుకి పెద్దరికం

పసుపు కుంకుమ పెట్టి, ముహూర్తం చూసి మరీ మూడు కంప్యూటర్లను ఒకేసారి ముంచిన మొనగాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూసుకోండి, నేనే.

అప్పట్లో ఛత్రినాకలో యాదగిరన్న పెళ్లికార్డుల ప్రెస్సులో కంప్యూటర్లు నేను చూసేవాణ్ణి. కాకినాడ నుంచి ఒక డిప్లొమా, రెండు చొక్కాలు, నాలుగు బస్తాల పొగరుతో దిగాను. అసలైన సర్వర్ కొందామంటే యాదగిరన్న ఒప్పుకోలేదు.

"గా పైసలతోని బర్రె వస్తది తమ్మీ. పాలన్నా ఇస్తది."

సరేనని ఉన్న మూడు పాత కంప్యూటర్లనే సర్వర్లు చేసి, తీగలతో కలిపాను. అందులో ఒకదానికి పెద్దరికం ఇచ్చాను, అదే పెద్దది. దానిలో ఉన్నదంతా మిగతా రెండింటికీ వెళ్తుంది, దానిలో లేనిది వాటిలోంచి కూడా చెరిగిపోతుంది. ఎంత తెలివి!

ఆయుధపూజనాడు పొద్దున్నే పెద్దదాని డిస్కు చచ్చింది. మిగతా రెండింట్లో ఫైళ్లన్నీ భద్రం! మీసం మెలేసి, ఆ ఊపులో, తప్పులు దిద్దడానికి తీసిన ప్రూఫు కాగితాలన్నీ పక్కనున్న లక్ష్మక్క బజ్జీల బండికి దానం చేశాను.

"ఒక్కటన్నా ఉంచుకో భాయ్," అన్నాడు బార్కస్ నుంచి కార్డు కోసం వచ్చిన హబీబ్ భాయ్. ఆయన కూతురి షాదీ కార్డు మర్నాడే ఇవ్వాలి. అందులో నలభై మంది చుట్టాల పేర్లు, పెద్దరికం వరసలో. ఒక్క పేరు కిందికి జారినా పెళ్లిలో లొల్లే. నాలుగుసార్లు దిద్దించి అప్పుడే ఖాయం చేశాడు పాపం.

"రెండు చోట్ల ఉంది భాయ్, ఫికర్ ఎందుకు?" అన్నాను. ఆ నోటికి తాళం వేసేవాడే లేకపోయాడు!

యాదగిరన్న కొత్త డిస్కు తెచ్చాడు. బిగించి, బొట్లు పెట్టాం.

"ముందు ఇందులోకి ఫైళ్లు ఎక్కించాలన్నా. అరగంట."

"అరగంటల ముహూర్తం పోతది! కొబ్బరికాయ కొడుతున్న, నడిపియ్!"

కాదనొచ్చు. కానీ వాడకట్టంతా నన్నే చూస్తోంది. బటన్ నొక్కేశాను.

పెద్దది ఖాళీ. చిన్నవి మహా వినయం గలవి. కొబ్బరిముక్క నమిలేలోపు అవీ ఖాళీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు, నా వైద్యానికి మూడు నాలుకలూ ఊడాయి.

"ఏంది తమ్మీ, గట్ల చెమటలు?"

"షాదీ కార్డు... పోయిందన్నా."

"యా అల్లా!" హబీబ్ భాయ్ కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతో నాకు ఏడుపొక్కటే తక్కువ. బండి దగ్గరికి పరిగెత్తాను.

"అక్కా, పొద్దున ఇచ్చిన కాగితాలు?"

"అయిపోయినయ్ బిడ్డా. ఆఖరిది గాయన చేతిల ఉన్నది."

ఎవరో పెద్దాయన తాపీగా బజ్జీ కొరుకుతున్నాడు. ఇంకో నాలుగు కొనిచ్చి, కాళ్లావేళ్లా పడి ఆ కాగితం గుంజుకున్నాను. ఖాయం చేసిన ప్రూఫే! హబీబ్ భాయ్ నూనె మరకల్లోంచి పేర్లు చదివాడు, నేను మళ్లీ కొట్టాను. ఓ మేనమామ పేరు మీద అతుక్కున్న మిరపగింజను కూడా ఆయనే గోటితో గీకాడు.

కార్డులు అచ్చయ్యాక యాదగిరన్న మిగిలిన కుంకుమ తీసుకెళ్లి బజ్జీల బండికి బొట్టు పెట్టాడు. "మూడు సర్వర్లు ముంచినయ్, గిది ఒక్కటే దాసింది," అన్నాడు నావైపు చూడకుండా.

అందుకే ఆ బండి సాక్షిగా, మరుగుతున్న నూనె సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఖాళీ డిస్కుకి పెద్దరికం కట్టబెట్టను. ఎక్కడ సర్వర్ పెట్టమన్నా, ముందు దగ్గర్లో బజ్జీల బండి ఉందో లేదో చూసుకుంటాను.