ఏడుసార్లు అడిగే వగీహ్

వగీహ్ బాబాయ్‌కి ఏ సంగతైనా ఏడుసార్లు చెబితేగాని తలకెక్కదు. ఆరుసార్లు చెప్పి, ఇక గట్టెక్కామనుకుని ఎవరైనా లేచి నిలబడ్డారా, వెనకనుంచి మెత్తగా వినబడుతుంది: "అంతా బాగానే ఉంది నాయనా, మొదట్నించి ఇంకొక్కసారి చెప్పు."

అలెగ్జాండ్రియాలో, మొహర్రమ్ బే పేటలో, ఈ ధాటికి బలికానివాళ్లు లేరు. ఆయన గడపలో కనబడగానే మందుల షాపు రిఫ్అత్ పొట్లానికి నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో "భోజనం తర్వాత" అని రాసిచ్చేవాడు.

"భోజనం తర్వాత అంటే, భోంచేశాకేనా?"

"భోంచేశాకే."

"మరి ఆకలి లేక భోంచెయ్యలేదనుకో?"

"కొంచెం ఫూల్, ఆ ఉడికించిన చిక్కుడు గింజలైనా తినండి."

"ఫూల్ భోజనం కిందికొస్తుందా?"

ఆయన వెళ్లాక రిఫ్అత్ తలనొప్పి మాత్ర వేసుకునేవాడు. భోజనం ముందే.

అలాంటి మనిషి ఒక ఉదయం సఫినాజ్ కంప్యూటర్ షాపులోకి ఆటల కంట్రోలర్ ఒకటి పట్టుకొచ్చాడు. చంకలో నువ్వులద్దిన సిమీత్ రొట్టె. ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి చేతిలో పిల్లల ఆటవస్తువు చూసి సఫినాజ్‌కు నవ్వొచ్చింది.

"ఇంజినీరమ్మా, దీన్ని కంప్యూటర్‌కి తగిలించడం ఎలా?"

"చాలా తేలిక, కూర్చోండి బాబాయ్."

చాలా తేలిక అన్నమాట తన నోట ఎందుకొచ్చిందా అని ఆమె తర్వాత చాలా రోజులు అనుకుంది.

మొదటిరోజు వైరు సంగతి. "వైరు గుచ్చితే లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం పలకదు, ఎందుకని?" అన్నాడు. కొన్ని వైర్లు చార్జింగ్‌కు తప్ప మరెందుకూ పనికిరావనీ, కబురు మోసే వైరు వేరే ఉంటుందనీ చెప్పింది. ఏడుసార్లు చెప్పింది. రెండోరోజు, అసలు వైరే లేకుండా ఎలా అన్నాడు. కంప్యూటర్ వెనక గోరంత బ్లూటూత్ ముక్క గుచ్చాలి, ఈ రెండు మీటలూ కలిపి, లైటు మిణుకుమిణుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలి, అంది. "నొక్కి పట్టుకోవడమంటే నొక్కి వదలడం కాదుగా?" అన్నాడు. మూడోరోజు, కంప్యూటర్ గుర్తుపట్టింది గాని ఆట గుర్తుపట్టడం లేదన్నాడు. "ఇంటాయన పలకరించాడు, ఇంటావిడ మొహం తిప్పుకుంది, అలాగన్నమాట!" ఆట సెట్టింగుల్లో కంట్రోలర్‌కు అనుమతివ్వాలని చెప్పింది. నాలుగోరోజు ఆ అనుమతి ఏ పేజీలో, ఏ మూల ఉంటుందో చెప్పమన్నాడు.

ఈ నాలుగు రోజులూ షాపులో మూలకుర్చీలో ఇంకో మనిషి కూర్చునేది. అబ్లా ఇఖ్లాస్, అంటే ఇఖ్లాస్ పంతులమ్మ. పేటలోని ఆడపిల్లల బడికి ఒకప్పటి హెడ్మిస్ట్రెస్. సఫినాజ్‌తో సహా సగం పేట ఆవిడ బెత్తం రుచి చూసినవాళ్లే. చలికాలంలో కొద్దిగా పక్షవాతం తగిలి ఎడమచెయ్యి పట్టుతప్పింది. ఆ చేతిని శాలువా కింద దాచుకుని, రోజూ ఒకే ఒక్క కాగితం జిరాక్సుకు తెచ్చేది. ఎప్పుడూ అదే జనన ధ్రువపత్రం. పని అయిపోయినా కదిలేది కాదు. నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని బాబాయ్‌మీద విరుచుకుపడేది.

"ఏమయ్యా, ఒక్కసారి చెబితే తెలియదూ? నా బళ్లో అయితే గోడకుర్చీ వేయించేదాన్ని!"

"వేయించండి అబ్లా. కాకపోతే గోడకుర్చీ ఎలా వెయ్యాలో ఒకసారి చెప్పాలి."

అయిదోరోజు షాపు కిటకిటలాడుతోంది. ఒకతని హార్డ్ డిస్కు పోయింది, ఇంకొకావిడ పెళ్లి ఫోటోలు పోయాయి. మధ్యలో వగీహ్ బాబాయ్ కంట్రోలర్ ఎత్తి పట్టుకుని, "ఇంజినీరమ్మా, ఆ రెండు మీటలు..." అన్నాడు. సఫినాజ్ సహనం కట్టలు తెంచుకుంది.

"బాబాయ్, మీకు చెప్పడంకన్నా ఆ గోడకు చెప్పుకోవడం నయం! దణ్ణం పెడతాను, ఇక రాకండి!"

ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. వైరు చక్కగా చుట్టి, సిమీత్ రొట్టె ఆమె బల్లమీద పెట్టి, "పొద్దుట్నించి ఏమీ తిన్నట్టు లేవు, తిను తల్లీ" అని వెళ్లిపోయాడు. ఆ రొట్టె సాయంత్రందాకా బల్లమీదే ఉండిపోయింది.

మర్నాడు అబ్లా జనన ధ్రువపత్రంతో వచ్చింది. గంటసేపు గుమ్మంవైపు చూస్తూ కూర్చుంది.

"ఆ మొద్దబ్బాయి రాలేదే?"

"నేనే రావద్దన్నాను అబ్లా. మిమ్మల్నీ విసిగిస్తున్నాడుగా."

"నేను విసిగానని నీకెవరు చెప్పారు?" అని అబ్లా గయ్యిమంది. కాగితం జిరాక్సు తీయించుకోవడం కూడా మరచి లేచిపోయింది. ఆ తర్వాత రెండురోజులు రానేలేదు.

మూడోరోజు మధ్యాహ్నం సఫినాజ్ షాపు మూసి, సామాను సంచీ భుజాన వేసుకుని వగీహ్ బాబాయ్ ఇంటికి వెళ్లింది. క్షమించమని అడిగి, ఆ కంట్రోలరేదో తనే తగిలించి రావాలని.

"కంప్యూటర్ ఎక్కడుంది బాబాయ్? రెండు నిమిషాల్లో చేసిపెడతాను."

ఆయన తడబడ్డాడు. "టీ తాగు ముందు. పుదీనా వెయ్యనా?"

సఫినాజ్ గది కలయజూసింది. గోడ పొడుగునా పాత టెలిఫోన్లు, రంగురంగుల వైర్లు, వేలిగోరంత టంకం అతుకులు. మంచం ఉంది, కుక్కర్ ఉంది, పిల్లి ఉంది. కంప్యూటర్ మాత్రం లేదు.

"బాబాయ్! మీకసలు కంప్యూటరే లేదా?"

"నాకెందుకమ్మా?"

"మరి కంట్రోలర్?"

"మంగలి హిల్మీ పిల్లలది. రోజూ సాయంత్రం తిరిగివ్వకపోతే వాడు గడ్డం సగమే గీస్తున్నాడు."

అప్పుడే పైకప్పునుంచి కారు కీచుమన్న చప్పుడు, ఆపైన ఢామ్మని గోడను గుద్దుకున్న మోత. వెంటనే అబ్లా ఇఖ్లాస్ గొంతు: "మళ్లీ ఎడమకేనా! బుద్ధిలేని కారు!"

ఇద్దరూ పైకి చూశారు. వగీహ్ బాబాయ్ గొంతు తగ్గించాడు.

"రెండు బొటనవేళ్లూ కదిపే ఆట ఏదైనా ఆడితే చెయ్యి తిరిగొస్తుందని డాక్టరు ఆవిడకు చెప్పాడు. ఆవిడ మేనల్లుడు కంప్యూటరూ, కంట్రోలరూ ఇచ్చి ఊరుకున్నాడు, ఎలాగో చెప్పలేదు. పేటకంతా చదువు చెప్పిన మనిషి, తనకు తెలియదని ఎవరి దగ్గర నోరు విప్పుతుంది? నేను సాయానికి వెళితే మొహంమీదే తలుపేసింది. చప్పుళ్లూ, ఆవిడ తిట్లూ మాత్రం నాకు వినబడతాయిగా. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలిసిపోతుంది. అదే మర్నాడు నేనడిగేవాణ్ని."

"మరి ఏడుసార్లెందుకు?"

"ఎడమచేత్తో పుస్తకం అదిమిపట్టి రాసుకోవాలి కదమ్మా. ఆలస్యమవుతుంది."

సఫినాజ్ సంచీ మళ్లీ భుజాన వేసుకుంది. మందుల షాపులో రిఫ్అత్ చేత అన్నిసార్లు చెప్పించింది కూడా, వెనక నిలబడి వినే ఇంకెవరి కోసమోనని ఇప్పుడు ఆమెకు తోచింది.

"రేపు రండి బాబాయ్. కారు దానంతటదే ఎడమకు పోతోందని అడగండి."

మర్నాడు ఆయన అడిగాడు. మూలకుర్చీలో అబ్లా పెన్ను మూత తీసింది. సఫినాజ్ పేటంతా వినబడేలా చెప్పింది: "మన వేలు కొంచెం వణికినా ఆట దాన్ని మలుపే అనుకుంటుంది బాబాయ్. సెట్టింగుల్లో ఒక గీత ఉంటుంది, దాన్ని కొద్దిగా పెంచాలి. అప్పుడు చిన్న వణుకులు లెక్కలోకి రావు."

"లెక్కలోకి రావు అంటే?"

"అసలు వణకనట్టే."

అబ్లా పెన్ను ఒక్కక్షణం ఆగింది. మళ్లీ కదిలింది. ఆయన ఇంకా ఆరుసార్లు అడిగాడు. సఫినాజ్ ఆరుసార్లూ మొదట్నించి చెప్పింది.

నెల తిరిగేసరికి అబ్లా షాపులోకి నోటుపుస్తకం లేకుండా వచ్చింది. శాలువా కూడా లేదు. ఎడమచేతిలో గొడుగు. కంట్రోలర్‌తో తంటాలు పడుతున్న బాబాయ్ ఎదురుగా నిలబడి చూసి చూసి నిట్టూర్చింది.

"పాపం ఈ పిల్లకు నీతో వేగే ఓపిక ఎక్కడిది? సాయంత్రం మా ఇంటికిరా. నేను నేర్పుతాను. నిన్న పందెంలో మూడో స్థానం నాదే."

"వస్తానబ్లా. మీ ఇల్లు ఎక్కడ?"

"ఎక్కడేమిటి! ఇరవయ్యేళ్లుగా నీ నెత్తిమీదే ఉంటున్నాను కదయ్యా!"

"అంటే మెట్లెక్కి రావాలా?"

సఫినాజ్ నవ్వు ఆపుకుంటూ, కింద పడని స్క్రూడ్రైవర్ కోసం బల్లకింద వెతకడం మొదలుపెట్టింది.