గోడ వదలని పూస

కోరుకొండ బస్సులో మధ్యన నలుగురు కబడ్డీ ఆడుకునేంత ఖాళీ ఉంటుంది. జనం మాత్రం గుమ్మం దగ్గరే ఒకరి మీద ఒకరు నిలబడతారు. కండక్టర్ "లోపలికి జరగండి" అని అరిస్తే, వేరే బస్సు వాళ్లకు చెబుతున్నట్టు వింటారు.

ఆ బస్సులోనే రోజూ రాజమండ్రి కాలేజీకి వెళ్లి, పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. టీవీ తెరల్లో ఉండే లిక్విడ్ క్రిస్టల్‌ని రెండు గాజు పలకల మధ్య నింపి, అందులో కంటికి ఆనని పూసలు వేసి, అవి పలకకు దూరం జరుగుతాయని చూపించాలి. మా భాషలో ఆ పలకే గోడ. ఆ ద్రవంలో అణువులు పుల్లల్లాంటివి. పలక మీది పూతను వెల్వెట్ గుడ్డతో ఒకే వైపు రుద్దితే అవన్నీ ఆ వైపే బారులు తీరతాయి. మధ్యలో పూస పడితే బారు చెదురుతుంది. గోడ దగ్గర ఆ ఇబ్బంది మరీ ఎక్కువ గనక, ద్రవమే పూసను అవతలికి నెడుతుంది. పుస్తకాల్లో నెడుతుంది.

నా పూసలు రెండు నెలలుగా గోడకే అతుక్కుని ఉన్నాయి. ద్రవం మార్చాను. పూసలు మార్చాను. గదిలో చల్లదనం తేడా ఏమోనని ఏసీ మెకానిక్‌ని మూడుసార్లు పిలిపించాను. "ఈ నెలాఖరుకి ఒక్కటైనా కదలకపోతే టాపిక్ మార్చేద్దామండి" అన్నారు మా గైడ్‌గారు, కాఫీ బదులు టీ తాగుదామన్నంత తేలిగ్గా. అప్పటికి నాలుగేళ్లయింది.

రోజూ పొద్దున్నే పలకలు రుద్ది, ట్రేలో పెట్టి, క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఒకరోజు క్లాసు లేదంటే వెంటనే వెనక్కి వచ్చాను. మా ల్యాబ్ అటెండర్‌గారు నా పలకను తెల్లటి గుడ్డతో గుండ్రంగా, భక్తిగా తుడుస్తున్నారు.

"ఏంటండీ ఇది?"

"సన్నగీతలు పడుతున్నాయండి. రోజూ తుడిచి పెడుతున్నాను. మా చర్చిలో ప్రభువు బల్లకి కప్పులన్నీ నేనే తుడుస్తానండి. వెలుతురులో పెట్టి చూసినా ఒక్క గీత కనబడదు."

ఆ గీతలు నేను కావాలని రుద్దినవేనని, అవే నా పీహెచ్‌డీ అని చెప్పాను. ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పలకల్ని ఆయనే రుద్దారు, ఒకే వైపు, పదిసార్లు. సాయంత్రానికి మైక్రోస్కోప్ కింద ఒక పూస గోడ వదిలింది. తొందరేమీ లేకుండా పైకి లేస్తుంటే నేను ఫోకస్ తిప్పుకుంటూ వెంటపడ్డాను. గైడ్‌గారికి వీడియో పంపి, అటెండర్‌గారిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"మీకు ముందే చెప్పాల్సిందండి" అన్నాను.

"చెప్పకపోతే పోనీండి. రెండేళ్లుగా ఒకే బస్సులో, గుమ్మం దగ్గర పక్కపక్కనే నిలబడి వస్తున్నాం. ఆ ఏసీ ఆయన్ని మూడుసార్లు అడిగారు గానీ, నన్నొక్క మాట అడగలేదండి మీరు."