పోలియో క్యూలో నా మాత్రలు

ఆ రోజు మాదాపూర్ సైట్‌లో టీ గ్లాసు పట్టుకుని మేస్త్రీతో వాదిస్తున్నాను. టీ పోసిన నర్సమ్మ నా ఎడమ చేతి వంక చూసి, "పొగలొస్తున్నయ్, చెయ్యి కాలుతలేదా సార్?" అంది. కాలింది. నాకే తెలియలేదు. చిటికెనవేలి మీద బొబ్బ లేచింది.

మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఏడాదిగా ఉంది. సైట్‌లో చాలామందికి సిమెంటు మచ్చలుంటాయి. సివిల్ ఇంజనీరుకీ ఒకటి ఉండడం న్యాయమేనని కొబ్బరినూనె రాశాను. మచ్చ అభ్యంతరం చెప్పలేదు.

దవాఖానలో డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, "దూది తగిలినప్పుడు చెప్పండి" అంది. మొదలుపెట్టండి అన్నాను. అప్పటికే అయిదుసార్లు తాకిందట. "హాన్సెన్స్. మోచేతి దగ్గరి నరం, అల్నార్ నర్వ్, థిక్ అయింది. ఆరు నెలల ఎం.డి.టి. మాత్రలు."

"హాన్సెన్స్ అంటే?"

"కుష్ఠు. భయపడకండి..."

ఆ తర్వాత ఆమె ఏదో చెప్పింది. నేను వినలేదు.

మా పాపకు అప్పుడు ఎనిమిదో నెల. నా వేలు పట్టుకుంటేనే నిద్రపోయేది. సైట్ దుమ్ము పాపకు పడదని చెప్పి, పాపనూ నా భార్య సుజాతనూ కర్నూలు, ఆమె పుట్టింటికి పంపేశాను. మా ఇల్లు మూసాపేటలో. మాదాపూర్ దుమ్ము అంత దూరం రాదని సుజాత అనలేదు.

కుష్ఠు కార్యకర్త సత్తయ్య నెలకోసారి సెంటర్లో మాత్రల అట్ట ఇచ్చేవాడు. ఆ నెల పెద్ద మోతాదు అతని కళ్ల ముందే మింగాలి. మూడో నెల వెళ్తే తాళం. పల్స్ పోలియో డ్యూటీకి పంపారన్నారు. నాలుగో నెలా అంతే. పోలియో పోవాల్సిందే, నా జబ్బుకు వేచి ఉండడం పాత అలవాటు. ఈలోగా చిటికెనవేలు వంగసాగింది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "గోడ పట్టుకుని నిలబడుతోంది" అనేది సుజాత. రిసీవరు పాప దగ్గర పెట్టమనేవాణ్ని. ఊపిరి మాత్రం వినిపించేది. దానికే ఇంకో మూడు నిమిషాలు నిలబడేవాణ్ని.

చివరికి ఓ పోలియో ఆదివారం బడిలో సత్తయ్య బూత్ పట్టుకున్నాను. క్యూలో అందరి చంకల్లో పిల్లలు. నా చంకలో ఫైలు.

"నీ పిల్ల ఏదన్నా?" అంది ముందున్నామె.

"కర్నూల్లో."

"మరి సుక్కలు నీకా?"

నవ్వాను.

సత్తయ్య సంచిలోంచి నా అట్ట తీశాడు. "మీ ఇంటికి రెండుసార్లు వచ్చిన సార్. మీరు రాసిచ్చిన అడ్రసుల పిండిగిర్నీ ఉంది."

ఇరుగుపొరుగుకు తెలియకూడదని నేను చేసిన తెలివైన పని అది. అతని ముందే మాత్రలు మింగాను.

"పాపకు సుక్కలేయించిన్రా?"

"నా జబ్బు అంటుతుందని ఊరికి పంపేశాను."

అతను గొంతు తగ్గించాడు. "డాక్టరమ్మ చెప్పలేదా? మొదటి మోతాదు కడుపుల పడ్డంక మీతోని ఎవరికీ అంటదు. నాలుగు నెల్లు బిడ్డను ఉత్తగనే దూరం పెట్టుకున్నరు."

ఆమె చెప్పింది. నేనే వినలేదు.

నేరుగా ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, "దుమ్ము తగ్గింది, రండి" అన్నాను. వచ్చాక అంతా చెప్పాను. "దుమ్మట" అంది సుజాత.

కోర్సు పూర్తయింది. స్టెరాయిడ్లతో వేలు కొంత నిటారైంది. స్పర్శ రాలేదు, ఇక రాకపోవచ్చునన్నారు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎవరికైనా మాత్రలు మొదలైతే, కార్యకర్తకు నిజమైన అడ్రసు ఇవ్వండి. వాళ్లను ఏ డ్యూటీకి పంపినా, మీ ఇల్లు వాళ్లకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు పాప నడుస్తోంది. రోడ్డు మీద ఆ మొద్దు వేలే పట్టుకుంటుంది. పట్టుకుందో వదిలేసిందో చూస్తే గాని నాకు తెలియదు. అందుకని చూస్తూనే నడుస్తాను.