ఖాళీ వేలు

ఈ ఉదయం ఓటేసి వస్తూ వేలి మీది సిరా వాసన చూశాను. ఆ ఘాటుకి బెంగాల్ రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లో మాతో ఉన్న మా మామ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒక ఎన్నికల రోజున ఆవిడ పెట్టెలోని నేతచీర కట్టుకుని వెళ్లి, ఉత్త వేలితో తిరిగొచ్చింది.

"నా ఓటు ఎవులో ఏసేసినారట," అంది నాన్నతో.

"పోన్లే అమ్మా, ఒక్క ఓటుకి ఏటైపోద్ది," అన్నాడు నాన్న.

వీధిలో అందరికీ గోరింటాకులా పెట్టిన సిరా మామ్మకి మాత్రం పెట్టలేదని నాకు జాలేసింది. నా బడి పెన్నులోని సిరా ఆవిడ వేలికి పూశాను. మామ్మ చెయ్యి లాక్కుంది.

"ఏటే సేసినావు? నేను ఓటెయ్యలేదని సెప్పడానికి ఈ ఏలొక్కటే సాచ్చికం."

బూడిదతో వేలు ఎర్రబడేదాకా తోముకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ బూత్‌కి నడిచింది. అక్కడి బెంగాలీ ఆఫీసరు ముందు ఆ వేలు నిలబెట్టి తెలుగులోనే అడిగింది.

"దొరల కాలంలో నాకు ఓటు లేదు బాబూ. ఇప్పుడుందన్నారు. ఏదీ?"

మాట అర్థం కాకపోయినా అతను తల దించుకున్నాడు. ఓటు మాత్రం ఇవ్వలేదు.

ఆ దొంగ ఎవరో నాకు తెలియదు. పోన్లే అన్న నాన్న మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.